ఎనభై ఏళ్ల పిల్లి

ఆ గురువారం ఉదయం మెబ్రాత్ వేసుకున్న పథకం చిన్నదే. ఆ రోజు పనిలో ఎవరో ఒకరితో నాలుగు ఇంగ్లీషు ముక్కలు తడబడకుండా మాట్లాడాలి. అంతకు మించి ఏమీ లేదు.

లైబ్రరీలో మంగళవారం సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పే ఒడెట్ టీచరు ఆ వారం మూడు సంగతులు నేర్పింది. అలసిపోతే ఏమనాలి, పెంపుడు జంతువుల గురించి ఏం మాట్లాడాలి, అభిప్రాయం ఎలా చెప్పాలి. "ఈ మూడూ వస్తే చాలు, విన్నిపెగ్‌లో ఎవరితోనైనా చలికాలమంతా గడిపెయ్యొచ్చు" అంది. మూడింటినీ కలిపి ఒక సంభాషణ అల్లి క్లాసు మొత్తం చేత బట్టీ పట్టించింది. "అలసిపోయినట్టున్నావే?" అని ఒకరు అడగాలి. "అవును, ఒళ్లు హూనమైపోయింది. మా పిల్లికి బాగోలేదు. రాత్రంతా నిద్ర లేదు" అని రెండోవాళ్లు అనాలి. "అయ్యో పాపం! నా అభిప్రాయంలో డాక్టరుకి చూపించాలి" అని మొదటివాళ్లు ముగించాలి.

మెబ్రాత్‌కి పిల్లి లేదు. అత్తగారుంది.

ఎరిత్రియాలోని కెరెన్ పట్టణం నుంచి మెబ్రాత్ మొగుడు కిడానె తన తల్లి అబ్రెహెత్‌ను తెచ్చుకున్నప్పుడు ఆమె బాగానే ఉంది. వచ్చాక ఒక్కొక్కటే మరిచిపోవడం మొదలుపెట్టింది. ముందు వీధి మరిచిపోయింది, తర్వాత ఇల్లు, ఆ తర్వాత కోడలు. చివరికి రాత్రికీ పగటికీ తేడా మరిచిపోయింది. లోకమంతా పడుకునే వేళకు కోటు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడి "మేకలకు నీళ్లు పెట్టాలి, తలుపు తియ్యండర్రా" అని ఏడుస్తుంది. కిడానె రాత్రుళ్లు టాక్సీ తోలతాడు కాబట్టి రాత్రి కాపలా మెబ్రాత్‌ది. పగలు ఆమె పనికి వెళ్తే కాపలా అతనిది. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నిద్రపోయి ఏడాది దాటింది.

ఆమె పనిచేసేది దుప్పట్లు ఉతికే కార్ఖానాలో. ఊళ్లోని హోటళ్లలో ఎవరు ఎంత హాయిగా పడుకున్నా ఆ దుప్పట్లు మర్నాటికి అక్కడికే వస్తాయి. అక్కడ అజమాయిషీ గ్లెండాది. అరవైకి దగ్గరపడిన మనిషి, నోటితో కన్నా వేలితో ఎక్కువ మాట్లాడుతుంది. ఆ వేలు ఎటు చూపిస్తే అటు పరిగెత్తడమే మెబ్రాత్‌కి తెలిసిన కొలువు.

ఆ రోజు ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి, వేడి దుప్పటి అంచు చేత్తో పట్టుకుని, మెబ్రాత్ కళ్లు తెరిచే ఒక కునుకు తీసింది. కళ్ల ముందుకు చూపు తిరిగొచ్చేసరికి గ్లెండా ఎదురుగా ఉంది. వేలు లేచింది. ఉద్యోగం పోయిందనుకుంది మెబ్రాత్.

"అలసిపోయినట్టున్నావే?" అంది గ్లెండా.

మెబ్రాత్ నిటారుగా నిలబడింది. ఒక్క అక్షరం తేడా లేదు, పాఠంలోని మొదటి వాక్యమే.

"అవును, ఒళ్లు హూనమైపోయింది. మా పిల్లికి బాగోలేదు. రాత్రంతా నిద్ర లేదు" అని ఒక్క గుక్కలో అప్పగించింది. అత్తగారికి మతి తప్పిందని, ఆమె మంచులోకి వెళ్లిపోకుండా రాత్రంతా తలుపుకి వీపు ఆనించి కూర్చుంటున్నానని చెప్పడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు. పిల్లికి సరిపడా ఉంది.

గ్లెండా వేలు కిందికి దిగింది. ముఖం మెత్తబడింది. "అయ్యో పాపం!" అంది. ఇదీ పాఠంలోదే. తర్వాతది మాత్రం పాఠంలో లేదు. "పేరేంటి దానికి?"

మెబ్రాత్‌కి ఆ క్షణంలో ప్రపంచంలోని పేర్లన్నీ మాయమై ఒక్కటే మిగిలింది. "అబ్రెహెత్."

"ఎంత బావుందో పేరు! ఏం చేస్తోంది రాత్రంతా?"

"ఏడుస్తుంది. తలుపు దగ్గర. బయటికి పోవాలి అంటుంది."

"అంటుందా..." గ్లెండా కళ్లు చెమ్మగిల్లాయి. "అవునమ్మా, అవి చెప్తూనే ఉంటాయి. మనకే అర్థం కాదు. మా ఇంట్లో మూడున్నాయి, నాకు తెలీదా?"

ఆ పూటకు ఆమెకు నిలబడే పని తప్పించి, తువ్వాళ్లు మడిచే బల్ల దగ్గర కుర్చీ వేయించింది. మర్నాడు వెళ్లగానే నిజం చెప్పేయాలనుకుంది మెబ్రాత్. కానీ మర్నాడు ఆమె కోటు విప్పకముందే గ్లెండా ఎదురొచ్చి "అబ్రెహెత్ ఎలా ఉంది?" అని అడిగింది.

విన్నిపెగ్ వచ్చాక ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. చర్చిలో తన వాళ్లకు చెప్పుకోబోతే పెద్దావిడ ఒకరు "అత్త సేవ చేసుకునే అదృష్టం అందరికీ వస్తుందటే? నోరు విప్పి పుణ్యం పోగొట్టుకోకు" అని కసిరింది. అందుకని గ్లెండా అడిగేసరికి మెబ్రాత్ నిజం చెప్పడం మరిచిపోయి, ఉన్నదంతా చెప్పేసింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర అదే కబురు. గ్లెండాతో పాటు దిండు గలీబులు ఇస్త్రీ చేసే నెనిటా, హోటళ్లకు వ్యాను తోలే డ్వేన్ కూడా చేరేవారు. మెబ్రాత్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. జాతి ఒక్కటి తప్పిస్తే అన్నీ నిజాలే.

"తిండి తింటోందా?" అడిగింది గ్లెండా.

"తినదు. నోరు మూసేస్తుంది. నిన్న నా చెయ్యి కొరికింది."

"మా ఊరు ఇలోయిలోలో మా అక్క పిల్లీ అంతే" అంది నెనిటా. "ముక్కు మీద ఒక్కటి వెయ్యి, చిన్నగా. మళ్లీ కొరకదు."

"వద్దు, వద్దు! తప్పు! దేవుడు చూస్తాడు" అంది మెబ్రాత్ హడలిపోయి.

"మరి ఒకటీ రెండూ?" అంది గ్లెండా.

"సోఫా మీద. ఒక్కోసారి వంటింట్లో."

"దానికి మందు ఒకటే" అన్నాడు డ్వేన్. "మెడ పట్టుకుని తీసుకెళ్లి చేసిన చోట మూతి రాయాలి."

మెబ్రాత్‌కి మంచినీళ్లు గొంతుకడ్డం పడ్డాయి. నెనిటా వీపు రాసింది.

"ఎంత వయసుంటుంది?" అన్నాడు డ్వేన్, ఏమీ జరగనట్టు.

"ఎనభై."

బల్ల చుట్టూ ఎవరూ నమలలేదు. నోరు జారిందని తెలిసి మెబ్రాత్ బిగుసుకుపోయింది. డ్వేనే ఆదుకున్నాడు. "మనిషి లెక్కలోనా?"

"అవును. మనిషి లెక్కలో."

డ్వేన్ వేళ్లు మడిచాడు. "అంటే పదహారు. పెద్ద ప్రాణమే."

గ్లెండా ఆమె చెయ్యి పట్టుకుంది. "నిన్ను గుర్తుపడుతోందా?"

ఈ ప్రశ్నకు మెబ్రాత్ సిద్ధంగా లేదు. "లేదు" అంది. "నేను స్నానం చేయిస్తా. నేను తినిపిస్తా. నన్ను చూసి దొంగ అనుకుంటుంది." అంతవరకు చెప్పి ఏడ్చేసింది. ఆ ఏడుపు ఏడాదిగా ఆగి ఉంది. నెనిటా భుజం చుట్టూ చెయ్యి వేసింది, డ్వేన్ తన పళ్లెంలోని తీపి ముక్క ఆమె ముందుకు జరిపాడు. ఇంటికి వెళ్లే బస్సులో మెబ్రాత్‌కి ఒంట్లో తేలిగ్గా అనిపించింది. ఆ తేలికకు అలవాటు పడింది కూడా. క్లాసులో ఆమె ఇంగ్లీషు చూసి ఒడెట్ టీచరు ఆశ్చర్యపోయి, మిగతావాళ్లకు కూడా పిల్లుల్ని పెంచుకొమ్మని సలహా ఇచ్చింది.

తర్వాతి వారం గ్లెండా బహుమానాలు తెచ్చింది. ఒక ప్లాస్టిక్ తొట్టి, పిల్లి ఒకటీ రెండూ కానివ్వడానికి దాంట్లో పోసే ఇసుక ఒక బస్తా, పది చేపల డబ్బాలు.

"ఈ ఇసుకేంటి?" అన్నాడు కిడానె, బస్తా లోపలికి ఈడుస్తూ.

"మెట్ల మీద మంచు గడ్డకడుతోంది కదా. చల్లుకొమ్మని పనిలో ఇచ్చారు."

"మంచి మనుషులు" అన్నాడు. మర్నాడు ఆమె పని నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే వెలిగిపోతున్న ముఖంతో నిలబడ్డాడు. "అమ్మ తినింది! వారం తర్వాత కడుపునిండా తినింది! ఆ చేప ఇంజెరా రొట్టెలో కలిపి పెట్టాను. వేళ్లు కూడా నాకేసింది."

మెబ్రాత్ వంటింట్లోకి పరిగెత్తి ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుంది. "కిడానె, దీని మీద బొమ్మ చూశావా?"

"పిల్లి. అయితే? సబ్బు మీద చంటిపాప బొమ్మ ఉండదూ? ఈ దేశంలో బొమ్మకీ లోపలి సరుక్కీ సంబంధమేంటి?"

ఆమె మిగిలిన డబ్బాలు చెత్తలో పడేసి, అలాంటి చేపనే మనుషులు తినే రకం వెతికి తెచ్చింది. అబ్రెహెత్ వాసన చూసి పళ్లెం పక్కకు నెట్టింది. రెండు రోజులు చూసి, మూడో రోజు మెబ్రాత్ గ్లెండా దగ్గరికి తలవంచుకుని వెళ్లి "తినింది. ఇంకా కావాలి" అంది. గ్లెండా ఆమెను కౌగిలించుకుంది.

జనవరిలో, చలి ముదిరిన ఒక రోజున, కిడానె సోఫాలో కూర్చునే కునుకులోకి జారాడు. తల్లి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. బస్సు స్టాపు బల్ల మీద, ఇంట్లో కట్టుకునే పల్చటి బట్టలతో, చెప్పులైనా లేకుండా కూర్చుని మేకల్ని పేరు పెట్టి పిలుస్తోంటే ఒక బస్సు డ్రైవరు చూశాడు. ఆస్పత్రిలో కాలి వేళ్లకు కట్టు కట్టి పంపించారు. మతిమరుపు చూసే డాక్టరు కావాలంటే వేసవి దాకా ఆగాలన్నారు. కిడానె టాక్సీలో కూర్చుని స్టీరింగు మీద తల ఆనించి ఉండిపోయాడు.

మర్నాడు భోజనాల బల్ల దగ్గర మెబ్రాత్ పొట్లం విప్పలేదు.

"తలుపు తీసి పోయింది. మంచులోకి. చెప్పులు లేవు."

"పిల్లికి చెప్పులెక్కడివి?" అంది నెనిటా.

"నోర్ముయ్. తను దుఃఖంలో ఉంటే నీ వెటకారమొకటి" అంది గ్లెండా.

"బస్సు డ్రైవరు కోటు కప్పాడు. పోలీసులు ఇంటికి తెచ్చారు."

"పోలీసులా?" అన్నాడు డ్వేన్. "పోనీలే. వాళ్లు చేసిన పనుల్లో ఇదొక్కటీ బావుంది."

గ్లెండా, మంచం మీదున్న మనిషితో మాట్లాడేటంత మెల్లగా, "నేనొక మాట చెప్తాను, బాధపడకు. నా అభిప్రాయంలో వేళయింది. దాన్ని నిద్రపుచ్చెయ్యాలి" అంది. నెనిటా తన అభిప్రాయమూ అదేనంది. తనకు అడగకపోయినా అభిప్రాయం ఉందన్నాడు డ్వేన్, అదీ అదేనన్నాడు.

ఆ ఊళ్లో పెంపుడు జంతువును నిద్రపుచ్చడమంటే సూదిమందు ఇచ్చి ప్రాణం తీయించడం. ఒడెట్ టీచరు నిద్రను అలసట పాఠంలో చెప్పింది గానీ పెంపుడు జంతువుల పాఠంలో చెప్పలేదు.

"అవును!" అంది మెబ్రాత్, ముఖం ఒక్కసారిగా వెలిగి. "నిద్రపుచ్చాలి! అదే కావాలి! ఏడాది నుంచి చూస్తున్నా, మావల్ల కావడం లేదు!"

ఆ ధైర్యానికి చలించి గ్లెండా కళ్లు తుడుచుకుని, "నాకు తెలిసిన డాక్టరున్నాడు, ఇంటికే వస్తాడు. అంతా మేం చూసుకుంటాం, నువ్వేం ఆలోచించకు. ఒక్క సూది. అంతే" అంది.

"నొప్పి ఉంటుందా?"

"ఉండదు."

"ఎంతసేపు నిద్రపోతుంది?"

గ్లెండా ఆమె తల నిమిరింది. "చాలాసేపు, తల్లీ. చాలాసేపు."

మెబ్రాత్ తెలివితక్కువది కాదు. వచ్చేది జంతువుల డాక్టరని ఆమెకు తెలుసు. కానీ యుద్ధకాలంలో కెరెన్‌లో ఒంటెలకు చూసిన డాక్టరే మనుషులకూ చూశాడు, వాళ్ల నాన్న కాలు బాగుచేసింది అతనే. నిద్రమందు నిద్రమందే, మనిషికి మోతాదు కొంచెం పెంచుతాడు, అంతే కదా. వాళ్లు గుమ్మంలోకి రాగానే ముందు నిజం చెప్పి, క్షమించమని అడిగి, ఆ తర్వాత సూది సంగతి బతిమాలుకుందామనుకుంది. కావలసిన వాక్యాలన్నీ ముందే కూడబలుక్కుంది. కిడానెతో మాత్రం "శనివారం డాక్టరు ఇంటికొస్తున్నాడు. సూది వేస్తే అమ్మ చాలాసేపు పడుకుంటుందట" అని చెప్పి ఊరుకుంది.

"ఈ దేశంలో డాక్టరు ఇంటికొస్తాడా?" కిడానె నమ్మలేకపోయాడు.

"గ్లెండా మాట మీద వస్తున్నాడు."

"ఆ తల్లి చల్లగా ఉండాలి" అన్నాడు కిడానె, పైకి చూసి దణ్ణం పెట్టుకుంటూ.

శనివారం ఉదయం మెబ్రాత్ ఇల్లు తుడిచి, అత్తగారికి తెల్లటి శాలువా కప్పి, అతిథులకు రొట్టె లేదని గుర్తొచ్చి కింద దుకాణానికి వెళ్లింది. ఆమె లిఫ్టులో దిగుతుండగానే వాళ్లు ఇంకో లిఫ్టులో పైకి వచ్చారు. గ్లెండా చేతిలో తెల్ల పూలు, డాక్టర్ పెన్నర్ చేతిలో నల్ల సంచీ. పెన్నర్ పొడుగాటి, నెమ్మదైన మనిషి. ఈ పని మీద వెళ్లే ఇళ్లలో ఎంత తగ్గించి మాట్లాడాలో తెలిసినవాడు.

తలుపు తీసిన కిడానె అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "రండి, రండి. మీ కోసమే చూస్తున్నాం."

"మీ బాధ నేను అర్థం చేసుకోగలను" అన్నాడు పెన్నర్. "పదహారేళ్లని విన్నాను. నిండు జీవితమే."

"పదహారా? నన్ను కనేటప్పటికే అంతకన్నా పెద్దది."

దుఃఖంలో మనుషులు ఏదో ఒకటి అంటారు. పెన్నర్ అర్థమైనట్టు తల ఊపాడు. "మీకు బాగా దగ్గరన్నమాట."

"మా అమ్మ" అన్నాడు కిడానె.

పెన్నర్ మళ్లీ తల ఊపాడు. బిడ్డల్లా చూసుకునేవాళ్లను చాలామందిని చూశాడు. తల్లిలా చూసుకునేవాణ్ని ఇదే చూడటం. "సూది వేసేటప్పుడు మీరు పక్కన ఉంటారా? కొందరు చూడలేరు."

"ఉంటాను. చెయ్యి పట్టుకుంటాను. ఆమెకు సూదంటే భయం."

వెనకాల గ్లెండా పూలలో ముఖం దాచుకుంది.

"ఇంకొక్క మాట, ముందే అడగాలి" అన్నాడు పెన్నర్. "తర్వాత మేం తీసుకెళ్లాలా, మీరే ఉంచుకుంటారా?"

"ఎక్కడికి తీసుకెళ్తారు?"

"దహనానికి. వారం లోపల బూడిద చిన్న డబ్బాలో పెట్టి తెచ్చిస్తాం. డబ్బా మీద పేరు కూడా ఉంటుంది. కొందరు ఇంట్లోనే పాతిపెట్టుకుంటామంటారు, కానీ ఇప్పుడు నేల గడ్డకట్టి ఉంది, ఏప్రిల్ దాకా తవ్వలేరు."

కిడానె చేతులు వదిలేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. "పాతిపెట్టడమేంటి? ఆమె బతికే ఉందిగా!"

"అందుకేనండీ, ముందుగా అడగడం" అన్నాడు పెన్నర్ ఎంతో ఓర్పుగా.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి అబ్రెహెత్ వచ్చింది. శాలువా మీద కోటు వేసుకుంది, ఒక కాలికి ఆస్పత్రి కట్టు. గుమ్మం తెరిచి ఉండటం చూసి ఆమె ముఖంలో వెలుగొచ్చింది.

"ఈవిడెవరు?" అంది గ్లెండా.

"ఎవరేంటి?" అన్నాడు కిడానె. "అబ్రెహెత్."

పూలు కింద పడ్డాయి. పెన్నర్ నల్ల సంచీని మెల్లగా వీపు వెనక్కి దాచుకున్నాడు.

రొట్టె చంకలో పెట్టుకుని మెబ్రాత్ వచ్చేసరికి నలుగురూ అలాగే నిలబడి ఉన్నారు. కూడబలుక్కున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. "పిల్లి లేదు" అంది. "ఎప్పుడూ లేదు. ఈమే. ఏడ్చింది ఈమె. కొరికింది ఈమె. మంచులో పోయింది ఈమె." తర్వాత మొగుడి వైపు తిరిగి తమ భాషలో మొత్తం చెప్పింది.

కిడానె విన్నాడు. సూది సంగతి విన్నాడు, బూడిద సంగతి అర్థం చేసుకున్నాడు. తర్వాత "అయితే ఆ చేపల డబ్బాలు..." అన్నాడు. ఆమె తల దించుకుంది. అతను సోఫాలో కూలబడి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు.

"ఆ పిల్లి కోసం నేను ఏడ్చానే" అంది గ్లెండా. గొంతులో కోపం ఉంది, దానికింద ఇంకేదో ఉంది. "రోజూ ప్రార్థన చేశాను. మనిషని ఒక్క మాట చెప్పకూడదా నాకు?"

"చెప్తే?" అంది మెబ్రాత్.

"చెప్తే..." అని గ్లెండా ఆగిపోయింది.

ఈ గొడవతో అబ్రెహెత్‌కి పని లేదు. ఆమె గ్లెండా దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసి, రెండు చేతులూ పట్టుకుని, "లెమ్‌లెమ్! ఎన్నాళ్లకొచ్చావే!" అంది. లెమ్‌లెమ్ ఆమె చెల్లెలు, పోయి చాలా ఏళ్లయింది. చెయ్యి విడిపించుకోబోతే ముసలామె ఏడుపు మొదలుపెట్టింది. గత్యంతరం లేక గ్లెండా సోఫా మీద ఆమె పక్కనే కూర్చుంది. అబ్రెహెత్ కోటుతో సహా వాలి, తల గ్లెండా ఒళ్లో పెట్టుకుంది.

గ్లెండాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఒళ్లో తల పెట్టుకున్న ప్రాణిని ఏం చెయ్యాలో ఆమెకు ఒకే ఒక్క విద్య వచ్చు. చెవి వెనక నుంచి మెడ దాకా, వేళ్ల కొసలతో మెల్లగా రాయడం మొదలుపెట్టింది. "మేకలు..." అంది అబ్రెహెత్. "చూసుకుంటాలే" అంది గ్లెండా, భాష అర్థం కాకపోయినా. ముసలామె ఊపిరి నెమ్మదించింది. కాసేపటికి సన్నగా గురక వినిపించింది.

"కాఫీ పెడతాను. నన్ను క్షమించండి. నేను చెప్పాలనుకున్నా, కానీ..." అంటూ మెబ్రాత్ గింజలు వేయించే మూకుడు పొయ్యి మీద పెట్టి, పక్కనే చిన్న పీట మీద కూర్చుంది. ఆ వాక్యం పూర్తి కాలేదు. గోడకు తల ఆనింది. ఇటు కిడానె ముఖం చేతుల్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. పొయ్యి ఆర్పింది పెన్నరే.

ఇంట్లో ముగ్గురు మనుషులు, ముగ్గురూ ఒకేసారి నిద్రపోతున్నారు.

"వెళ్దామా?" అన్నాడు పెన్నర్ గుసగుసగా.

"ఎలా వెళ్లను? కదిలితే లేస్తుంది" అంది గ్లెండా.

పెన్నర్ అటూ ఇటూ చూశాడు. కట్టు కట్టని కాలు శాలువా కిందనుంచి బయటికి వచ్చి ఉంది. గోళ్లు నెలల తరబడి తీయక వంకర తిరిగి, చర్మంలోకి గుచ్చుకుపోతున్నాయి. ఆస్పత్రిలో వాటిని ముట్టుకోబోయిన ఇద్దరు నర్సుల్ని ఆమె కరిచిందని అతనికి తెలియదు. సంచీ తెరిచి, ఆ రోజు తీయాలనుకున్నదాన్ని అడుగుకు నెట్టి, గోళ్లు తీసే కత్తెర బయటికి తీశాడు. నేల మీద మోకరిల్లి, పాదాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, ఒక్కొక్క గోరే తీశాడు. అబ్రెహెత్ నిద్రలో కాలు ఒకసారి విదిలించింది. "ఏం లేదు, ఏం లేదు, బంగారు తల్లివి" అన్నాడు పెన్నర్, అలవాటు కొద్దీ. సాయంత్రం దాకా ఎవరూ లేవలేదు. గ్లెండా కాలు తిమ్మిరెక్కి, లేవబోతే పెన్నర్ పట్టుకోవలసి వచ్చింది.

సోమవారం భోజనాల వేళ బల్ల మీద తెల్ల కేకు ఉంది. పిల్లి పోయిందనుకుని నెనిటా చేయించింది. డ్వేన్ టోపీ తీసి పట్టుకున్నాడు. గ్లెండా ఏదో అనబోతే మెబ్రాత్ ఆపి, తనే లేచి నిలబడి చెప్పింది. పిల్లి కాదని, మొగుడి తల్లి అని, మతి పోయిందని, మొన్న మంచులో కూర్చున్నది ఆమేనని. ఈసారి ఇంగ్లీషు ఎక్కడా తడబడలేదు.

నెనిటా కేకు వైపు చూసింది. చాలా రోజుల కిందట వాళ్ల అక్కకు అప్పగించి వచ్చిన తల్లి గుర్తొచ్చిందేమో, లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లి, కుళాయి తిప్పి అలాగే నిలబడింది. డ్వేన్ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "అలాంటివాళ్లకు... చోట్లు ఉంటాయనుకుంటా" అన్నాడు, ఎవరి ముఖం వైపూ చూడకుండా. మూతి రాయాలని, ముక్కు మీద వెయ్యాలని, నిద్రపుచ్చాలని నెలరోజులు తోచినదల్లా చెప్పిన ఆ బల్ల దగ్గర ఆ రోజు ఎవరికీ ఏ సలహా తోచలేదు. యంత్రాలు మళ్లీ తిరిగేదాకా కేకు కోయలేదు. మర్నాటి నుంచి అబ్రెహెత్ ఎలా ఉందని అడిగింది గ్లెండా ఒక్కతే, అదీ పక్కకు పిలిచి.

గ్లెండా మాత్రం శనివారాలు వస్తూనే ఉంది. ఆమె ఒళ్లో తల పెట్టుకున్న రెండు మూడు గంటలు అబ్రెహెత్ నిద్రపోతుంది. ఆ వెంటనే కోడలూ కొడుకూ ఎక్కడివాళ్లక్కడ పడిపోతారు. నెలన్నరకోసారి పెన్నర్ పిలవకుండానే వచ్చి గోళ్లు తీసి వెళ్తాడు. అతని వ్యాను మీద రెండు వైపులా పెద్ద కుక్క బొమ్మ, పిల్లి బొమ్మ ఉంటాయి.

మూడోసారి ఆ వ్యాను వచ్చి వెళ్లాక, ఫ్లాట్లలో జంతువుల్ని పెంచితే ఇల్లు ఖాళీ చేయిస్తామని బిల్డింగు మేనేజరు వాళ్ల తలుపుకి నోటీసు అంటించాడు.